ఏడు గంపల ఇసుక

మా వరసలో దొంగలు లేరు. ఈ మాట పేరయ్య మావ పొద్దున పళ్ళు తోముకుంటూ ఒకసారి, సాయంత్రం చుట్ట ముట్టించుకుంటూ ఒకసారి అనేవాడు. మేమంతా అవునంటూ తలూపేవాళ్ళం. తలూపుతూనే ఎవరి సబ్బుముక్క వాళ్ళు కొంగులో దాచుకునేవాళ్ళం.

వరస అంటే పడవల వరస. దాచేపల్లికి ఆరు మైళ్ళ దూరంలో, బండిబాట కృష్ణలోకి దిగే చోట మా పడవలు పక్కపక్కన కట్టుకుని ఉండేవి. ఇల్లయినా వాకిలయినా మాకవే. పడవ నడుమ తాటాకు కప్పు, కప్పు కింద పొయ్యి, పొయ్యి పక్కన పడక. చేపలు పట్టుకోవడం, పంటల రోజుల్లో అవతలి ఒడ్డు నుంచి పత్తి బోరేలు, మిరపకాయల టిక్కీలు, బస్తాలకు బస్తాలు ఇవతలికి దాటించడం, అదీ మా బతుకు. మొదటి పడవ పేరయ్య మావది, అది ఒడ్డుకు ఆనుకుని ఉంటుంది. రెండోది దానికి కట్టి ఉంటుంది, మూడోది రెండోదానికి. అందుకని ఒడ్డుకు పోవాలంటే అందరూ అందరి ఇళ్ళలోంచీ నడిచి పోవాల్సిందే. చివరి పడవలో మనిషికి ఉప్పు కావాలన్నా వరసలో ఉన్న సంసారాలన్నీ దాటుకుంటూ, ఎవరి కూర మాడిందో, ఎవరి మొగుడు అలిగి ముసుగు తన్నాడో చూసుకుంటూ పోవాలి. తలుపులు లేవు గనక తట్టే పని లేదు. ఇదే నమ్మకమంటే, అనేవాడు పేరయ్య మావ. తలుపు పెట్టుకోవడానికి చోటు లేకపోవడాన్ని నమ్మకం అంటారని ఆయన చెప్పేదాకా నాకు తెలియదు.

నా పేరు సుబ్బరావమ్మ. మాది ఆరో పడవ. మా ఆయన యలమంద నోట్లోంచి మాట రావాలంటే ముహూర్తం చూడాలి. ఆయన వాటా మాటలు కూడా నేనే మాట్లాడేస్తానని వరసలో అంటారు. అననీ, నాకేం. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని పెద్దలన్నారు. నా సంగతి వేరు, నా నోటికి జడిసి ఊరే మంచిగా ఉంటుంది.

చిల్లర వస్తువులు పోతుండటం మా దగ్గర ఎప్పటినుంచో ఉంది. సబ్బు, అగ్గిపెట్టె, గరిటె, గుప్పెడు కందిపప్పు. దాన్ని మేము దొంగతనం అనం. ‘ఏరు తీసుకుంది’ అంటాం. మా వరస దగ్గర కృష్ణమ్మకున్నన్ని అవసరాలు మరో చోట ఉండి ఉండవు. సబ్బుతో స్నానం చేసేది, పప్పు వండుకునేది, రెండో పడవ బుల్లయ్య బీడీలు కాల్చేది. ఒకసారి రాఘవమ్మత్త కొత్త రవికెను కూడా తీసుకుంది. రాఘవమ్మత్త అంటే పేరయ్య మావ భార్య. ఆరు నెలల తర్వాత అదే గుడ్డతో కుట్టిన సంచి నాలుగో పడవలో వేలాడుతుంటే అందరూ చూశారు, ఎవరూ ఏమీ అనలేదు. మర్యాదంటే అది మరి.

రెండువేల ఒకటో సంవత్సరం అక్టోబరులో, వరద తీశాక, మా ఆరు పడవల పక్కకు ఏడోది వచ్చింది. అందులో కొండమ్మ, ఆమె కూతురు మహిమ. కొండమ్మ భర్త జయరావు అంతకుముందు ఏడు విషజ్వరం వచ్చి పోయాడు. అమరావతి వైపు లంకల్లో చేపలు పట్టుకునేవాళ్ళట. మహిమ పదో తరగతిలో ఉంది. కొండమ్మ వచ్చిన రోజే పేరయ్య మావ పడవ ముందు నిలబడి చేతులు కట్టుకుంది.

“ఇక్కడ పొద్దున్నే పాలవ్యాను వచ్చిద్దంట గదా మావా. అదెక్కితే హైస్కూలు అరగంట. మార్చిలో పరీక్షలు. పది గట్టెక్కితే పిల్లని నర్సు ట్రైనింగులో చేర్పిస్తానని పాస్టరుగారు మాటిచ్చారు. అప్పటిదాకా వరసలో చోటియ్యండి. పరీక్షలయిన మర్నాడే నా పడవ నేను విప్పుకుని పోతాను.”

పేరయ్య మావ చుట్ట ఒకవైపు నుంచి రెండో వైపుకు మార్చుకున్నాడు. “ఉండండి. కానీ ఒకటే మాట. మా వరసలో దొంగలు లేరు.”

“అట్టాగే మావా” అంది కొండమ్మ. ఆ మాటకు ఏం జవాబు చెప్పాలో ఎవరికైనా ఏం తెలుస్తుంది.

మా పడవకు ఆనించి ఆమె పడవ కట్టింది. మనిషి నెమ్మది. పొద్దున్నే పిల్లను పాలవ్యాను ఎక్కించడానికి ఒకసారి, చేపలు కొనే ఉస్మాన్ ఐసు పెట్టెతో వచ్చినప్పుడు ఒకసారి, సాయంత్రం పిల్లను దించుకోవడానికి ఒకసారి, మా ఆరు పడవలూ దాటి వెళ్ళి వచ్చేది. దాటినప్పుడల్లా “వస్తున్నానమ్మా, దాటుతున్నానమ్మా” అని ముందే చెప్పేది. మాలో ఎవరూ అట్లా చెప్పం. చెప్పి దాటే మనిషిని చూస్తే మాకు ఒళ్ళు మండేది. అంటే మేం చెప్పకుండా దాటుతున్నట్టేగా.

ఆమె వచ్చిన నెలకే మా మాటతీరు మారిపోయింది. వస్తువు పోతే ‘ఏరు తీసుకుంది’ అనడం మానేశారు. “అదేందో, ఈ మధ్య పడవలో వస్తువు నిలవట్లేదు” అని ఏడో పడవ వైపు చూడటం మొదలుపెట్టారు. నేనూ చూశాను. దాచుకోవడం దేనికి, అందరికన్నా ముందు చూసింది నేనే.

ఇక గ్లాసు సంగతి చెప్పాలి. మహిమకు ఒక స్టీలు గ్లాసు ఉండేది. పిల్ల పుట్టినప్పుడు జయరావు కొని దాని మీద పేరు చెక్కించాడట. ఒక మధ్యాహ్నం అది వాళ్ళ పడవ అంచు మీద బోర్లించి ఉంది. వాళ్ళ పడవ అంచంటే మా పడవ అంచే, రెండూ ఒరుసుకునే ఉంటాయి. నీళ్ళు కదిలి గ్లాసు మా వైపు దొర్లింది. నేను తీసి లోపల పెట్టాను. పేరు చెక్కి ఉంది గదా అంటారేమో. నాకు అక్షరం ముక్క రాదు. రాని అక్షరాలకు నేనెట్లా కట్టుబడతాను? ఇట్లా అనుకుని బియ్యం డబ్బా అడుగున దాచాను. అందులో నీళ్ళు కూడా తాగలేదు. ఎందుకు తీశానో ఇప్పటికీ చెప్పలేను. మెరుస్తూ ఉంది, అంతే.

డిసెంబరులో పేరయ్య మావ టార్చిలైటు పోయింది.

అది మూడు బ్యాటరీల టార్చి. ఉస్మాన్ దసరాకి ఇచ్చాడు. అది వచ్చిన దగ్గర్నుంచీ పేరయ్య మావ పొద్దుగూకకముందే దాన్ని వెలిగించి, వెలుగుతోందో లేదో అందరి మొహాల మీదా వేసి చూసేవాడు. అలాంటి టార్చి పోతే ఏరు తీసుకుందని ఊరుకునే మనిషా? పొద్దున్నే పడవ మీద నిలబడి కేకలు. చివరికి రాఘవమ్మత్త అంది, “మూడు పూట్లా ఇటే గదా నడిచేది. దాటినోళ్ళే తీసి ఉంటారు.” పేరు చెప్పలేదు, మర్యాద గల మనిషి. గడ్డంతో మాత్రం ఏడో పడవ వైపు చూపించింది.

“ఇసుక గంప పెడదాం” అన్నాడు పేరయ్య మావ.

ఇది మా తాతల నాటి పద్ధతి. వస్తువు పోయినప్పుడు ప్రతి పడవ నుంచీ ఆడమనిషి దిబ్బ మీదికి వెళ్ళి ఒక గంప ఇసుక తవ్వుకుని, మీద గుడ్డ కప్పి తేవాలి. ఒడ్డున రెండు గుంజలకు పట్టా కట్టి చాటు చేస్తారు. ఒకరి తర్వాత ఒకరు ఆ చాటుకు వెళ్ళి గంప కుమ్మరించి రావాలి. తీసినవాళ్ళు ఆ వస్తువును ఇసుకలో దాచి తెచ్చి కుమ్మరిస్తారు. అంతా అయ్యాక కుప్పను రొయ్యల వలతో జల్లెడ పడితే పోయిన వస్తువు బయటపడుతుంది. ఎవరి గంపలోంచి వచ్చిందో ఎవరూ అడగకూడదు. వస్తువు దొరికింది, దొంగ పరువు దక్కింది, రేపటి నుంచి మళ్ళీ అందరూ మంచివాళ్ళే.

దీనికి ఇంకో కట్టడి ఉంది. ఇసుక గంప పెట్టిన రోజు పొద్దుగూకేలోపు ఏ పడవలో పరాయి వస్తువు మిగిలినా ఆ పడవను గంగమ్మ తిరగేస్తుంది. మా తాతల కాలంలో ఒకరి పడవ అట్లాగే తిరగబడిందట. వాళ్ళ దగ్గర పరాయి కోడిపెట్ట ఉందట. ఆ రోజు ఆ పడవలో పదమూడుమంది కల్లు తాగి చిందులేస్తున్నారన్న సంగతి మాత్రం ఎవరూ చెప్పరు.

“టార్చి రాకపోతే ఏంటి మావా?” అని అడిగింది కొండమ్మ.

“గంగమ్మకు భయపడేవాళ్ళయితే తెచ్చి వేస్తారు. రాలేదంటే, తీసింది ఆ భయం లేని మనిషన్నమాట.”

గంగమ్మకు భయపడని మనిషి వరసలో ఎవరో చెప్పాల్సిన పని లేదు. ప్రతి ఆదివారం తెల్లచీర కట్టుకుని చర్చికి వెళ్ళేది ఒక్కతే. కొండమ్మకు అర్థమైంది.

“నా పిల్లకి ఇంకా మూడు నెలలే మావా. ఇంతలో వరస తప్పిస్తే చదువు పోద్ది. కింద ఎక్కడ కట్టుకున్నా వ్యాను రాదు, దారి లేదు.”

“నువ్వు తీయకపోతే నీకెందుకమ్మా భయం” అంది రాఘవమ్మత్త. మంచి మాటే.

ఆ మధ్యాహ్నం నేను దిబ్బ మీదికి వెళ్ళాను. గంపలో సగం ఇసుక పోసి, చుట్టూ చూసి, నడుమున దోపుకున్న గ్లాసు తీసి అందులో పెట్టి, పైన మళ్ళీ ఇసుక పోశాను. నిజం చెప్పొద్దూ, అందరూ వెతికేది టార్చి అని తెలుసు. అయినా పొద్దుగూకేదాకా పడవలో పరాయి వస్తువు ఉంచుకునే ధైర్యం నాకు లేదు. గంగమ్మ టార్చికీ గ్లాసుకీ తేడా చూస్తుందా? తలెత్తితే పది గజాల్లో రాఘవమ్మత్త ఇటు వీపు పెట్టి తవ్వుతోంది.

“గంప బరువుగా ఉన్నట్టుందే అత్తా” అన్నాను.

“ఇసక తడిగా ఉందిలేవే” అంది గుడ్డ సర్దుకుంటూ. తర్వాత నా గంప వైపు చూసి, “నీది మాత్రం తేలిగ్గా ఉందా ఏంది” అంది. ఇద్దరం ఇంకేం మాట్లాడుకోకుండా వచ్చేశాం.

ఏడు గంపలూ కుమ్మరించాం. పట్టా తీసేశారు. బుల్లయ్య, మూడో పడవ వీరబాబు వల పట్టుకుని జల్లెడ పట్టడం మొదలుపెట్టారు. మేమంతా చుట్టూ కూర్చున్నాం. మొదట ఒక సబ్బుపెట్టె బయటపడింది.

“అయ్యో, ఇది మాది. వినాయకచవితికి పోయింది” అంది బుల్లయ్య భార్య.

తర్వాత చిల్లుల గరిటె. అది వీరబాబు వాళ్ళది. తర్వాత మంగలికత్తి. దాన్ని చూసి నేను లేచి నిలబడ్డాను. అది మా ఆయనది. ఏరు తీసుకుందని ఎనిమిది నెలలుగా గడ్డం పెంచుకుని తిరుగుతున్నాడు మనిషి. తర్వాత పేరయ్య మావ వల నుంచి ఊడిన సీసం గుళ్ళ మూట. తర్వాత ఉస్మాన్ తక్కెడలోని పావుకిలో రాయి. అది పోయినప్పుడు పాపం ఉస్మాన్ ఒడ్డంతా వెతికాడు, వెతికేటప్పుడు మేమంతా సాయం పట్టాం. ఆఖర్న స్టీలు గ్లాసు. బుల్లయ్య అయిదో తరగతి దాకా చదివాడు, గ్లాసు తిప్పి చూసి “మహిమ” అని చదివాడు.

టార్చి రాలేదు.

ఎవరి వస్తువు వాళ్ళ చేతికి వచ్చినా సంతోషించినవాళ్ళు లేరు. ఎవరూ ఎవరి మొహమూ చూడటం లేదు. అందరూ కుప్పనే చూస్తూ లెక్కపెడుతున్నారు. బుల్లయ్యకు చదువుంది గనక ఆ లెక్క పైకి అన్నాడు.

“గంపలు ఏడు. వస్తువులు ఆరు.”

అంటే ఒక్క గంపలో ఉత్త ఇసుక వచ్చింది. వరస మొత్తం మీద పరాయి వస్తువు లేనిది ఒక్క పడవ. ఆ మాట ఎవరూ అనలేదు గానీ అందరి తలల్లోకీ ఒకేసారి ఎక్కింది. ముందు రాఘవమ్మత్త తేరుకుంది.

“ఆ ఉత్త గంప మాదే” అంది.

“మాదీ ఉత్త ఇసకే” అంది బుల్లయ్య భార్య.

“మా గంపలో ఏముంటది, ఇసకే” అంది వీరబాబు భార్య. నాలుగో పడవ, అయిదో పడవ కూడా అదే మాట. అందరూ నావైపు తిరిగారు. నేను నిజం చెప్పి ఉండాల్సింది. నాకు నోరుందని చెప్పాను గదా. అది తెరుచుకుంది.

“మాదీ ఇసకే” అన్నాను.

కొండమ్మ ఏమీ అనలేదు. కూతురి గ్లాసు ఒళ్ళో పెట్టుకుని పైటచెంగుతో ఇసుక తుడుస్తూ కూర్చుంది.

పేరయ్య మావ గొంతు సవరించుకున్నాడు. ఇంత తెలివి ఆయనకు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే. “ఆరుగురు ఇసకే తెచ్చామన్నారు. మాట్లాడంది ఒక్కతే. అంటే ఆరు వస్తువులూ ఆ ఒక్క గంపలోయే గదా.”

అందరూ ఒక్కసారి ఊపిరి వదిలారు. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. లెక్క సరిపోయింది, మేమంతా మంచివాళ్ళమయ్యాం.

అప్పుడు మా ఆయన నోరు తెరిచాడు. ఏడాదికోసారి తెరిచే నోరు, ఆ రోజే తెరవాలా? “గ్లాసు వాళ్ళ పిల్లదే గదా మావా. తన వస్తువు తనే దొంగిలిస్తదా?”

“అదేరా తెలివంటే. తనది కూడా ఒకటి కలిపితే అనుమానం రాదని.”

“నా కత్తి పోయింది ఏప్రిల్లో. వీళ్ళొచ్చింది దసరాకి.”

పేరయ్య మావ రెండు చేతులూ ఎత్తి మా అందరికీ చూపించాడు. “రాకముందే తీసిందంటే ఎంత గట్టి దొంగో చూడండి.”

మా ఆయన ఇంకో మాట అనబోతే డొక్కలో పొడిచాను. గ్లాసు సంగతి తవ్వితే ఎక్కడ తేలుతుందో నాకు తెలుసు. ఆయన నావైపు చూసి, కత్తి జేబులో పెట్టుకుని, లేచి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత నెల రోజులు నాతో మాట్లాడలేదు. ఆ సంగతి నాకు తెలియడానికే వారం పట్టింది.

“నువ్వు చెప్పేదేమన్నా ఉందా?” అని కొండమ్మను అడిగాడు పేరయ్య మావ.

“నాదీ ఇసకేనని నేనూ అంటే ఏడుగురమవుతాం మావా. అప్పుడు ఈ ఆరు వస్తువులూ ఎవరు తెచ్చినట్టు?”

ఆ మాటకు మాకు జవాబు లేదు. జవాబు లేకపోతే ఏం చేస్తామో అదే చేశాం. అందరం ఒకేసారి అరిచాం. “చూశారా ఎంత నోరో” అని రాఘవమ్మత్త, ఎంత పొగరో అని బుల్లయ్య భార్య. మర్నాడు పొద్దున్నే ఏడో పడవ విప్పేయాలని తీర్మానం అయిపోయింది. పిల్ల పరీక్షల దాకా ఉండనివ్వమని కొండమ్మ ఇంకోసారి అడిగింది. మా పరువు సంగతి ఏం కావాలి అన్నాడు పేరయ్య మావ.

మర్నాడు తెల్లారాక అందరూ వాళ్ళ వాళ్ళ పడవల మీద నిలబడ్డారు. అప్పుడు గుర్తొచ్చింది నాకు. ఏడో పడవ కట్టి ఉంది మా పడవకే. ముడి విప్పాల్సింది నేనే. తడిసి బిగుసుకున్న ముడి, ఎంతకూ రాదు. కొండమ్మ ఎదురుగా చుక్కాని పట్టుకుని కూర్చుంది. వెనక మహిమ స్కూలు బట్టలు వేసుకుని, సంచీ భుజాన తగిలించుకుని నిలబడి ఉంది. పాలవ్యాను వచ్చే వేళ అది. ఆ పిల్లకు ఇంకా నమ్మకం, ఎవరో ఒకరు వద్దంటారని.

“నా చేతిలో ఏముంది కొండమ్మా” అన్నాను, ఏదో ఒకటి అనాలి గదా అని.

“ముడి ఉంది గదా వదినా” అంది కొండమ్మ. తర్వాత నాకొక్కదానికే వినపడేలా అంది, “గ్లాసు నువ్వు తీసుకున్నప్పుడు నేను లోపలే ఉన్నాను. చూశాను. అడిగితే తగువైపోద్ది, పిల్ల చదువు పాడవుద్దని ఊరుకున్నా.”

నాకు సిగ్గేసింది. ఏట్లో దూకి చద్దామన్నంత సిగ్గు. అది ఎంతోసేపు ఉండలేదు. చూసి కూడా ఇన్నాళ్ళూ నన్ను వదినా వదినా అని పిలిచిందే, నా వెనక ఎంత నవ్వుకుని ఉంటుందో అనిపించి కోపం వచ్చింది. కోపంలో చేతికి బలం వస్తుంది. ముడి ఊడిపోయింది. పడవ మెల్లగా వెనక్కి జరిగి, ప్రవాహం అందుకుని, కిందికి పోయింది. పిల్ల సంచీ దించకుండా అట్లాగే నిలబడి ఉంది.

రెండు మైళ్ళ కింద, సిమెంటు ఫ్యాక్టరీ నీళ్ళ పంపు దాటాక, సర్కారు తుమ్మల పక్కన ఒంటరిగా కట్టుకున్నారని తెలిసింది. అక్కడికి ఉస్మాన్ ఐసు పెట్టె పోదు, వ్యానూ పోదు.

సంక్రాంతి దాటాక పేరయ్య మావ పడవ అడుగున నీళ్ళు తోడుతుంటే అడుగుచెక్కల సందులో టార్చి దొరికింది. గంగమ్మ తల్లే తెచ్చి పెట్టిందన్నాడు. మేమంతా తలూపాం. కొండమ్మను వెనక్కి పిలుద్దామని ఎవరూ అనలేదు. పిలిస్తే మళ్ళీ ఏడు గంపల లెక్క మొదలవుతుంది.

నేను మాత్రం ఊరుకోలేదు. బోరింగు దగ్గర, టీకొట్టు దగ్గర, బట్టలుతికే బండ దగ్గర, ఎవరు కనపడితే వాళ్ళకి ఆ కథ చెప్పాను. ఆరు వస్తువులట, ఒక్క గంపలో దొరికాయట, వచ్చేముందే తీసిందట. వినేవాళ్ళు ముక్కున వేలేసుకునేవాళ్ళు. చెప్పేకొద్దీ నాకే నమ్మకం కుదిరింది. ఫిబ్రవరి నాటికి గ్లాసు నేను తీసిన సంగతి నేనే సగం మర్చిపోయాను.

మార్చిలో ఏట్లో నీళ్ళు తగ్గి చేప పడలేదు. మిరపకోతలు జోరుగా ఉన్నాయి. ఆడవాళ్ళం కూలికి వెళ్ళాం. ఆ ఏడు కాయకు మంచి ధర, రైతు చేలో మేస్త్రీని కాపలా పెట్టాడు. నలభైమందిమి సాళ్ళు పట్టుకున్నాం. తల వంచుకుని కోస్తున్నదాన్ని, పక్క సాలులో ఎవరా ఇంత చకచకా కోస్తున్నారని చూస్తే మహిమ. ఎండకు మాడిపోయి ఉంది. చేతుల మంటకు వేళ్ళకు గుడ్డపీలికలు చుట్టుకుంది.

“బాగున్నావా అత్తా” అంది.

“ఇవాళ లెక్కల పరీక్షంట గదా. బుల్లయ్య కొడుకు వెళ్ళాడే” అన్నాను.

“అవునత్తా. నాకు హాజరు చాల్లేదని హాల్‌టికెట్టు ఇవ్వలేదు.”

“మరి నర్సు ట్రైనింగు?”

“పది పాసవ్వాలిగా” అంది, కాయ కోస్తూనే. గొంతులో కోపం లేదు, ఏడుపు లేదు. అదేదో ఊరి బస్సు తప్పిపోయినట్టు చెప్పింది. ఇంక నేను ఆ సాలులో ఉండలేక మెల్లగా దూరంగా జరిగిపోయాను.

సాయంత్రం పని అయిపోయాక మేస్త్రీ గట్టు మీద నిలబడ్డాడు. ఆడవాళ్ళు ఒకరి వెనక ఒకరు కొంగులు దులుపుకుంటూ పోతున్నారు. ఆయన ఎవరినీ పట్టి చూడటం లేదు, “పోండి పోండి” అంటూ చెయ్యి ఊపుతున్నాడు. నా ముందు నడుస్తున్న మహిమను మాత్రం ఆపాడు.

“నువ్వాగు. ఒడి విప్పు. ఆ టిఫిను డబ్బా ఇటు తే. చేతులు పైకెత్తు. జడ కూడా విప్పు, జడల్లో పెట్టుకుంటారు మీరు.”

పిల్ల విప్పింది. ఒడిలో ఏమీ లేదు, డబ్బాలో ఏమీ లేదు. జడ విప్పితే వెంట్రుకలే ఉన్నాయి. నలభైమందీ నిలబడి చూస్తున్నారు. నాకు ఒళ్ళు భగ్గుమంది. నాకు కోపం వస్తే ఆగే మనిషిని కాను.

“ఏమయ్యా మేస్త్రీ, ఇంతమందిలో ఆ పిల్లొక్కతే కనపడిందా నీకు? ఆడపిల్ల చేత అందరి ముందూ జడ విప్పించడానికి సిగ్గు లేదూ?” అన్నాను.

మేస్త్రీ నావైపు వింతగా చూశాడు. “అదేందమ్మా అట్టంటావు. వాళ్ళమ్మ దొంగని, పడవల్లోంచి ఎళ్ళగొట్టామని నువ్వేగా చెప్పింది. మొన్న బోరింగు కాడ గంటసేపు చెప్పావు. నువ్వు చెప్పబట్టే గదా నేను జాగర్తగా ఉంటన్నా.”

మహిమ రెండు చేతులూ పైకెత్తే ఉంచి నావైపు చూసింది. నేను నోరు తెరిచాను. ఆరుగురి గంపల సంగతి, గ్లాసు సంగతి, టార్చి సంగతి, అన్నీ నాలుక చివర దాకా వచ్చాయి. మేస్త్రీ ఆగకుండా నా భుజం మీదుగా వెనక వాళ్ళకు చెయ్యి ఊపాడు.

“నువ్వు పోమ్మా. నీదేం చూస్తాం.”

నా కొంగు ముడిలో రెండు గుప్పెళ్ళ మిరపకాయలున్నాయి. ముడి బిగించి పట్టుకుని, ఆ పిల్ల పక్కనుంచి గట్టు దిగి వచ్చేశాను.